అరెస్టు చూపించేలోపు



మన తెలుగు పత్రికల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: "పోలీసులు అతన్ని అదుపులోకి తీసుకున్నారు." కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ల నోట ఇంకో మాట వినబడుతుంది: "ఇంకా అరెస్టు చూపించలేదు." ఈ రెండు మాటలకూ నడుమ ఎంత ఎడం ఉందో, ఆ ఎడంలో ఒక మనిషికి ఏమేం జరగవచ్చో, జరగకుండా చట్టం ఎలాంటి కట్టుదిట్టాలు చేసిందో ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చాను.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక చిన్న పట్టణంలో చూసిన సంగతి ఇది. సాయంత్రం వేళ పోలీస్ స్టేషన్ ఎదుట టీకొట్టు బల్ల మీద ఒక తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో క్యారేజీ. ఆమె కొడుకును రెండు రోజుల కిందట పొద్దున్నే ఇంటి నుంచి తీసుకెళ్లారు. మోటారు సైకిళ్ల దొంగతనంలో అనుమానమట. లోపలికి వెళ్లి అడిగితే, "అరెస్టేమీ కాదమ్మా, ఊరికే విచారణకు పిలిచాం, పంపించేస్తాం" అన్నారట. అప్పటికే రెండు రాత్రులు గడిచాయి. నల్లకోటు చూసి లేచి నిలబడింది. "వాడికి ఈ అన్నం పెట్టనిస్తారా బాబూ?" అని అడిగింది.

ఆ తల్లి అంతకంటే పెద్ద ప్రశ్నే అడగవచ్చు. అడిగే హక్కు ఆమెకు రాజ్యాంగమే ఇచ్చింది. ఆ ప్రశ్న ఒకటుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. అదేమిటో కాసేపట్లో చెబుతాను. ముందు అసలు నేరం అంటే ఏమిటో, అందులో పోలీసులు, కోర్టు ఎక్కడెక్కడ నిలబడతారో చూద్దాం.

పక్క పొలం ఆయన గట్టు జరిపి మీ నేల కొంత కలుపుకున్నాడనుకోండి. అది హద్దు తగాదా. మీరు సివిల్ కోర్టులో దావా వేస్తారు. మీరు వాది, ఆయన ప్రతివాది. పెద్దమనుషులు కూర్చోబెట్టి సర్దితే దావా వెనక్కి తీసుకోవచ్చు. అదే మనిషి అదే గట్టు మీద మిమ్మల్ని గొడ్డలితో నరికితే లెక్క మారిపోతుంది. అప్పుడు కోర్టు కాగితం మీద ఒకవైపు రాష్ట్ర ప్రభుత్వం ఉంటుంది, రెండోవైపు ముద్దాయి ఉంటాడు. దెబ్బ తిన్న మీరు ఆ కేసులో సాక్షి. విచారణ మొదలయ్యాక మీ పేరు పక్కన పి.డబ్ల్యూ. 1 అని రాస్తారు, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి అని. కేసు నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటర్, మన వాడుకలో పి.పి. గారు. ఆయనకు మీరు ఫీజు ఇవ్వక్కర్లేదు.

దెబ్బ తిన్నది నేనైతే కేసు ప్రభుత్వానిది ఎలా అవుతుందని చాలామంది అడుగుతారు. ఒకరి ఒంటి మీద పడ్డ గొడ్డలి దెబ్బ ఊరి ప్రశాంతత మీద కూడా పడుతుంది. ఆ లెక్క తేల్చుకునే పని బాధితుడి అన్నదమ్ములకే వదిలేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఫ్యాక్షన్ పగల్లో తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు కత్తి పట్టిన పల్లెలను రాయలసీమ చూసింది. అందుకే శిక్షించే పని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. తీసుకుని, ఆ చేతినే నాలుగుగా విడగొట్టింది. పట్టుకోవడం పోలీసుల పని. అభియోగం నిరూపించడం ప్రాసిక్యూటర్ పని. తీర్పు చెప్పడం న్యాయమూర్తి పని. శిక్ష పడ్డవాణ్ణి ఉంచడం జైలు పని. నేర న్యాయ వ్యవస్థ గురించి నేను చెప్పదలచుకున్నది ఒకటే: పట్టుకున్న చెయ్యి తీర్పు చెప్పకూడదు. మిగతా సెక్షన్లన్నీ ఈ సూత్రాన్ని కాపాడటానికి పుట్టినవే.

ఆ సెక్షన్ల నంబర్లు ఈమధ్య మారాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. మూడూ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. మోసగాణ్ణి మనం ఇప్పటికీ ఫోర్ ట్వంటీ అనే అంటున్నాం గానీ, ఆ నేరం ఇప్పుడు 318వ సెక్షన్ కిందికి వెళ్లింది. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103 అయింది. ఊళ్లో గొడవలైనప్పుడు విధించే 144 ఇప్పుడు 163. నంబర్లు మారినా నేను చెప్పే మూల సూత్రాలు మారలేదు.

నేరం జరిగాక మొదటి మెట్టు ఎఫ్.ఐ.ఆర్. దాన్ని తెలుగులో ప్రథమ సమాచార నివేదిక అంటాం. ఏదో నేరం జరిగిందన్న మొదటి కబురు అది, అంతకు మించి ఏమీ కాదు. అందులో పేరున్నంత మాత్రాన ఎవరూ దోషి కారు. మన టీవీల్లో ఏ-1, ఏ-2 అంటూ ఏదో బిరుదులు ఇచ్చినట్టు చదువుతుంటారు. అవి నిందితులను లెక్కపెట్టుకోవడానికి వేసిన వరుస నంబర్లు. నిందితుడు అంటే నింద మోస్తున్నవాడు. దోషి అంటే కోర్టు తేల్చినవాడు. మన భాషలో ఇంత చక్కగా రెండు వేరు మాటలుండగా, ఒకదాని చోట ఇంకొకటి వాడటం ఒక మనిషి బతుకును గాయపరచడమే.

హత్య, దోపిడీ, అత్యాచారం, దొంగతనం లాంటివి కాగ్నిజబుల్ నేరాలు. అంటే కోర్టు అనుమతి కోసం ఆగకుండా పోలీసులు కేసు కట్టి దర్యాప్తు చేయగల నేరాలు. ఇలాంటి నేరం జరిగిందని సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయడం పోలీసుల విధి అని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. మీరు నోటితో చెప్తే వాళ్లు రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఒక ప్రతి ఉచితంగా ఇవ్వాలి. "ఇది మా స్టేషన్ పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు. ఏ స్టేషన్‌లోనైనా కేసు రాసుకుని, తర్వాత సరైన స్టేషన్‌కు పంపాలి. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నాం. కొత్త చట్టం 173వ సెక్షన్‌లో దీనికి చోటిచ్చింది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్.పి.కి పంపవచ్చు. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇక అరెస్టు సంగతి. కేసు కట్టగానే అరెస్టు చేసి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసు అధికారి కారణాలు రాయాలి. అవసరం లేనప్పుడు నోటీసు ఇచ్చి విచారణకు పిలవాలి. మనవాళ్లు ఇన్నాళ్లూ 41-ఏ నోటీసు అన్నది ఇదే, ఇప్పుడది 35వ సెక్షన్‌లో ఉంది. 2014లో ఆర్నేష్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. పిలుపు అందుకున్న మనిషి వచ్చి సహకరిస్తున్నంత కాలం, మామూలుగా అయితే అరెస్టు చేయకూడదు.

మహిళల విషయంలో ఇంకొంత జాగ్రత్త ఉంది. అసాధారణ పరిస్థితుల్లో తప్ప పొద్దుగూకాక, తెల్లవారకముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. అలాంటి పరిస్థితే వస్తే మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. సాక్ష్యం చెప్పించుకోవడానికి స్త్రీలను, పదిహేనేళ్లలోపు పిల్లలను, అరవై దాటిన పెద్దవాళ్లను స్టేషన్‌కు పిలిపించకూడదు. వాళ్లుండే చోటికే పోలీసులు వెళ్లాలి.

అరెస్టు చేస్తే ఏం చేయాలో మన రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి. నచ్చిన వకీలును సంప్రదించుకోనివ్వాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా దగ్గరలోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. సెలవు రోజైనా, అర్ధరాత్రైనా ఈ గడువు ఆగదు. అందుకే మేజిస్ట్రేట్ల ఇళ్ల ముందు పోలీసు జీపులు రాత్రిపూట ఆగి ఉండటం మీరు చూసే ఉంటారు. కారణాలు చెప్పాలంటే ఏదో సెక్షన్ నంబరు గొణగడం కాదు, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. అలా చెప్పకపోతే అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ 24 గంటలనే ఎందుకింత పట్టుకుని మాట్లాడుతున్నానంటే, మన నేల మీద ఆ గంటల విలువ తెలిసినవాళ్లు దానికోసం జీవితాలే పెట్టారు. పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ తన జ్ఞాపకాల పుస్తకానికి '24 గంటలు' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు చాలు, విషయం ఎంత పెద్దదో తెలియడానికి. నాలుగు గోడల మధ్య పోలీసులు, పట్టుబడ్డ మనిషి తప్ప మూడో మనిషి లేని కాలం అది. అది ఎంత పొడుగైతే అంత ప్రమాదం. అందుకే గడియారం అరెస్టు కాగితం రాసినప్పుడు కాదు, మనిషి స్వేచ్ఛ పోయిన క్షణంలో మొదలవ్వాలి. "అరెస్టు చూపించలేదు" అన్న మాట ఆ గడియారాన్ని ఆపి పెట్టే మాట. అందుకే ఆ మాట వింటే నాకు గుబులు.

1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఈ గోడలకు కొన్ని కిటికీలు పెట్టింది. అరెస్టు చేసే పోలీసు పేరు కనిపించే బ్యాడ్జీ పెట్టుకోవాలి. ఏ రోజు, ఏ వేళకు అరెస్టు చేశారో మెమో రాసి, ఒక సాక్షి చేత సంతకం పెట్టించాలి. బంధువుకో స్నేహితుడికో కబురు చెప్పాలి. డాక్టరు చేత పరీక్ష చేయించాలి. ఇందులో చాలా భాగం ఇప్పుడు చట్టంలోనే ఉంది.

మరో కట్టుదిట్టం ఉంది. "స్టేషన్‌లో నేరం ఒప్పుకున్నాడు" అని వార్త చదవగానే కేసు తేలిపోయిందని అనుకుంటాం. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఇది 1872 నుంచీ ఉన్న నియమం, కొత్త సాక్ష్య చట్టంలోనూ 23వ సెక్షన్‌గా నిలిచింది. అతను చెప్పిన చోట వెతికితే దొంగసొత్తో ఆయుధమో దొరికితే, దాన్ని కనిపెట్టడానికి దారి చూపిన మాట వరకు మాత్రం లెక్కలోకి వస్తుంది. దెబ్బలకు ఓర్చుకోలేక మనిషి దేన్నైనా ఒప్పుకుంటాడని నూటయాభై ఏళ్ల కిందట ఆ చట్టం రాసినవాళ్లకే తెలుసు. నా మీద నేనే సాక్ష్యం చెప్పేలా నన్ను ఎవరూ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20వ అధికరణం కూడా అంటోంది.

మేజిస్ట్రేటు ముందుకు వచ్చాక రిమాండ్, బెయిలు. రిమాండ్ అంటే శిక్ష కాదు, దర్యాప్తు సాగుతుండగా మనిషిని అందుబాటులో ఉంచుకోవడం. బెయిలబుల్ నేరమైతే జామీను ఇస్తే వదిలిపెట్టాల్సిందే, అది హక్కు. నాన్‌బెయిలబుల్ అంటే బెయిలు దొరకదని కాదు అర్థం, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు ఆలోచించి తేలుస్తుందని. నేర తీవ్రతను బట్టి 60 రోజులు లేదా 90 రోజుల్లోగా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే, బెయిలు కోరడం ముద్దాయికి హక్కవుతుంది.

అయితే హక్కు కాగితం మీద ఉన్నా, జామీనుదారులు దొరకక జైల్లో ఉండిపోయేవాళ్లు ఎందరో. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగారు. తమ్ముడో అన్నో ముందుకొస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్‌కు ఇది కష్టం కలిగించింది. పొట్ట చేతబట్టుకుని దూరదేశం వెళ్లిన మలయాళీనో కన్నడిగుడో తమిళుడో తెలుగువాడో అక్కడ అరెస్టయితే, ఆ ఊళ్లో ఆస్తులున్న జామీనుదారులను ఎక్కణ్ణుంచి తెస్తాడని ఆయన తీర్పులో నిలదీశారు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పనికోసం రైలెక్కే మనవాళ్లను తలచుకుంటే, ఆ ప్రశ్న మన ఇంటి ముందు నిలబడి అడిగినట్టుంటుంది.

మరుసటి ఏడు, 1979లో, హుస్సేనారా ఖాతూన్ కేసు బిహార్ జైళ్ల తలుపులు తీసి చూపించింది. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం, విచారణ కోసమే లోపల మగ్గుతున్నవాళ్లు బయటపడ్డారు. సత్వర విచారణ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు అన్నది. అయినా జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివర మన జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్బై అయిదు మందికి పైగా. వాళ్లు నేరం చేశారని ఇంకా ఎవరూ తేల్చలేదు. కొత్త చట్టం 479వ సెక్షన్ ఇక్కడ కొంత ఊరట. అంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు, తన మీదున్న నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల ఉంటే విడుదల చేయాలంటుంది. మరణశిక్షో యావజ్జీవమో పడగల నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు.

వకీలును పెట్టుకునే స్తోమత లేదని దిగులు పడక్కర్లేదు. న్యాయ సేవాధికార సంస్థలు జిల్లా కోర్టులన్నిటిలో ఉన్నాయి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్.సి., ఎస్.టి. వర్గాలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100. మరోసారి చెబుతున్నాను, 15100. రాసి పెట్టుకోండి.

ఇంతసేపూ వింటున్న మీలో కొందరికి ఒక ప్రశ్న మెదులుతూ ఉంటుంది. హక్కులన్నీ నిందితుడికేనా, బాధితుల మాటేమిటి? ఆ ప్రశ్న న్యాయమైనది, దాన్ని దాటవేయను. హైదరాబాద్ చరిత్రలోని రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి జవాబు చెబుతాను.

1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద స్త్రీ మీద పోలీసులే అత్యాచారం చేశారు, అడ్డొచ్చిన భర్తను కొట్టారు, రిక్షా లాగి బతికే ఆ మనిషి చనిపోయాడు అన్న వార్తతో నగరం అట్టుడికిపోయింది. జనం వీధుల్లోకొచ్చారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులను తప్పుపట్టింది. తర్వాత కేసు పొరుగు రాష్ట్రంలోని రాయచూరుకు బదిలీ అయి, అక్కడి కోర్టులో నిందితులు విడుదలయ్యారు. ఆ కుటుంబానికి న్యాయం అందలేదన్న బాధ ఇప్పటికీ మిగిలే ఉంది.

నలభై ఒక్క ఏళ్ల తర్వాత, 2019 నవంబరులో, శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. ఆ రాత్రి కుటుంబం స్టేషన్‌కు పరిగెత్తితే, పరిధి మాది కాదన్న మాట వినాల్సి వచ్చింది. ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. నలుగురు యువకులను అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, పోలీసుల కస్టడీలో ఉండగానే ఆ నలుగురూ కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్, పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని 2022లో బయటపడ్డ నివేదికలో పేర్కొంది. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది.

ఒకనాడు స్టేషన్‌లో ప్రాణం పోయిందని రగిలిన నగరమే ఇంకోనాడు కస్టడీలో ప్రాణాలు పోయినందుకు పూలు చల్లింది. ఆ పూలు చల్లినవాళ్ల కడుపుమంట నాకు తెలుసు. ఆడపిల్లల తండ్రులు, అన్నలు, చదువుకుంటున్న అమ్మాయిలు వాళ్లు. కోర్టులు ఏళ్లకేళ్లు సాగదీస్తాయన్న విసుగు అందులో ఉంది, ఆ విసుగుకు కారణం మా కోర్టులే, మేమే. కానీ ఆ తెల్లవారుజామున పోయింది నాలుగు ప్రాణాలు మాత్రమే కాదు. ఆ రాత్రి ఏం జరిగిందో సాక్ష్యాలతో, అడ్డు ప్రశ్నలతో, పదిమంది ముందు తేలే అవకాశం పోయింది. వాళ్లే చేశారా, నలుగురూ చేశారా, ఇంకెవరైనా ఉన్నారా అన్నది ఏ న్యాయమూర్తీ ఇక చెప్పలేరు. నిజం తెలుసుకునే హక్కు మొదట ఆ పశువైద్యురాలి తల్లిదండ్రులది. పట్టుకున్న చెయ్యే తీర్పు చెబితే, నష్టపోయేవాళ్లలో బాధితులు ముందుంటారు.

బాధితుల కోసం అడగాల్సినవి వేరే ఉన్నాయి. పరిధి పేరుతో తిప్పి పంపకుండా కేసు రాయడం. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయడం, ఇది ఇప్పుడు చట్టంలో ఉంది. అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎక్కడైనా వెంటనే ఉచిత చికిత్స, ఇదీ చట్టంలో ఉంది. నష్టపరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. వీటిని గట్టిగా అడిగితే వ్యవస్థ కదులుతుంది.

విచారణలో నేరాన్ని నిరూపించే బరువు ప్రాసిక్యూషన్‌ది. సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నిరూపించాలి. సందేహం మిగిలితే దాని లాభం ముద్దాయికి. దీనివల్ల అప్పుడప్పుడు తప్పు చేసినవాడు తప్పించుకుంటాడు, నిజమే. అయితే ఆ రక్షణ తీసేస్తే, రేపు పొరపాటున పట్టుబడే మన పిల్లవాడికి చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక మళ్లీ ఆ టీకొట్టు దగ్గరికి వద్దాం. ఆ తల్లి అడగాల్సిన ప్రశ్న ఇది: "మా వాణ్ణి ఏ కేసులో తెచ్చారు, ఏ మేజిస్ట్రేటు గారి ముందు, ఎన్ని గంటలకు హాజరుపెడుతున్నారు?" ఆవిడతో కలిసి లోపలికి వెళ్లి నేను అడిగింది ఇంతే. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రే మెమో రాసి, అతన్ని మేజిస్ట్రేటు గారింటికి తీసుకెళ్లారు.

వరండాలో ఒక బల్బు వెలుగుతోంది. మేజిస్ట్రేటు గారు పోలీసులను గేటు దగ్గర నిలబడమని, కుర్రాణ్ణి దగ్గరికి పిలిచారు. "నీ పేరేమిటి బాబూ? ఎప్పుడు తీసుకొచ్చారు? నిన్నేమైనా కొట్టారా?" అని అడిగారు. వాడు గేటు వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. తర్వాత మెల్లగా చొక్కా పైకెత్తి వీపు చూపించాడు. ఆయన చూసింది చూసినట్టు రాసుకుని, ఆసుపత్రికి పంపించమని ఉత్తర్వు ఇచ్చారు. ఆ కేసు తర్వాత నడవాల్సిన దారిలో నడిచింది.

తిరిగి వస్తుంటే ఆ తల్లి నన్ను అడిగింది: "రెండు రోజుల్లో వాడి పేరు అడిగింది ఆయనొక్కరే. ఆయనెవరు బాబూ?"

న్యాయం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ వరండాయే గుర్తొస్తుంది. మీకు తెలిసిన ఎవరినైనా ఎప్పుడైనా స్టేషన్‌కు తీసుకెళ్తే, క్యారేజీతో పాటు ఆ ప్రశ్న కూడా పట్టుకెళ్లండి.